మా వదిన శనిని చూసిన సాయంత్రం

మా వదిన పోయిందని అన్న ఫోన్ చేసినప్పుడు భివండీ పక్క టెంఘర్‌లో, నేను పనిచేసే మరమగ్గాల కార్ఖానాలో ఉన్నాను. ముందురోజు నేసిన గుడ్డ లెక్క రాయడంతో నా పొద్దు మొదలవుతుంది. మగ్గాల చప్పుడులో అన్న మాట అందలేదు. బయటికి వచ్చి రోడ్డు మీద నిలబడి మళ్లీ అడిగాను. "మీ వదినె లేస్తలేదురా" అన్నాడు. పద్మనగర్‌లో ఇల్లు చేరేసరికి వాకిలి నిండా చెప్పులున్నాయి. పొద్దున లేచి చాయ్ పెట్టి, అన్నకు పోసి, తాను తాగి, కాసేపు నడుము వాల్చిందట. అంతే. మంచం పట్టలేదు. ఏ పని చేసినా గల్లీ అంతా వినపడేలా చేసే మనిషి, ఈ ఒక్క పనీ చప్పుడు లేకుండా చేసింది.

ఆమెను ఎరిగినవాళ్లు మా వాడలో చాలామంది ఉన్నారు. వాళ్లకు ఆమె గొంతు తెలుసు, నవ్వు తెలుసు, నల్లా దగ్గర ఆమె పెట్టే వరుస తెలుసు. నాకు తెలిసిన ఒక సంగతి మాత్రం రాస్తాను. అది ఒక టెలిస్కోపు గురించి.

కరీంనగర్ దిక్కు నుంచి అన్న ముందు వచ్చాడు, నేను తర్వాత వచ్చాను. అప్పటి నుంచి అన్నా వదినల ఇంట్లోనే నా అన్నం. వదిన ఇంట్లో కూర్చుని మగ్గాలకు కండెలు చుట్టేది. చేయి రాట్నం మీద, నోరు మాటల మీద. రెండూ ఒకేసారి ఆగడం నేను చూడలేదు. నేను మాట తక్కువ మనిషిని. ఎవరైనా దాని గురించి అడిగితే ఆమే జవాబు చెప్పేది. "మా మర్ది మాట రేషన్ దుకాణంల చక్కెర అసొంటిది. ఎన్నడొస్తదో తెల్వదు, వచ్చినా కొంచమే." ఇంట్లో ఎవరైనా దేనికైనా చిరచిరలాడితే ఇంకో మాట అనేది. "తెగిన పోగును తిడితె అతుకుతదా? ముడెయ్యి." ఈ మాట కోపాల మీదా వాడేది, చుట్టరికాల మీదా వాడేది, ఒకసారి నా చొక్కా చిరుగు మీదా వాడింది.

మా ఇంట్లో ఇంకొకరు కూడా చాలా ఏళ్లు ఉన్నారు. శని. అన్న జాతకం చూసిన అయ్యగారు ఏలినాటి శని నడుస్తోందని చెప్పిన రోజు నుంచి ఇంట్లో ఏది చెడినా ఆయన ఖాతాలోకే పోయేది. నూలు ధర పెరిగితే శని. మోటారు కాలితే శని. పక్కింటి పిల్లి పాలు తాగినా శనే. వదిన ప్రతి శనివారం గుడికి పోయి నూనె పోసి వచ్చేది. శని గుడిలో ఒక పద్ధతి ఉంటుంది. ఎదురుగా నిలబడకూడదు. ఆయన చూపు సూటిగా మీద పడకుండా పక్కకు నిలబడి, తల వంచి నూనె పోసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి.

ఒక శనివారం గుడి నుంచి వచ్చి, చెంగుతో చేతి నూనె తుడుచుకుంటూ అంది. "ఇన్నేండ్ల సంది మన ఇంట్లనే తింటున్నడు, మన ఇంట్లనే పంటున్నడు. మొఖం ఎట్లుంటదో ఎన్నడన్న జూసిన్నా?"

"చూడొచ్చు వదినె" అన్నాను.

నా నోటి నుంచి అడగకుండానే మాట వచ్చేసరికి ఆమె రాట్నం దగ్గర కూర్చోబోతూ ఆగిపోయింది. కల్యాణ్ స్టేషన్ బయట పాత పుస్తకాలవాడి దగ్గర కొన్న మరాఠీ పుస్తకం ఒకటి నా దగ్గర ఉండేది, నక్షత్రాల మీద. తెచ్చి అందులో శని బొమ్మ చూపించాను. కుడికంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇది ఫోటో. పెండ్లిచూపులకు ఫోటో పంపినట్టుంది. నేను మనిషిని చూడాలె."

కుడికంటికి దగ్గరగా అని ఎందుకన్నానంటే, ఎడమ కన్ను అప్పటికే పోయింది. నీటికాసులు. థానేలో డాక్టరు, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని చుక్కల మందుతో ఎన్నాళ్లు నిలపగలమో చూద్దామని చెప్పాడు. కుడికంట్లోనూ చుట్టూరా చీకటి కమ్ముకుంటూ వస్తోంది, నడుమ మాత్రం చూపు మిగిలింది. ఆమె దాన్ని కూడా బిల్డింగ్ అంతా తిరిగి చెప్పింది. "నాకు లోకమంత పైపులకెల్లి చూసినట్టే ఉంటది. ఇగ దుర్బిన్‌ల చూసుడు నాకు కొత్తనా?" అందరూ నవ్వారు, ఆమె అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆ నడిమి చూపు ఉండగానే చూపించాలని ఆ రోజే అనుకున్నాను.

మొదటి టెలిస్కోపు కొనడంలో మేము చేసిన పొరపాటు బట్ట పని చేసేవాళ్లు మాత్రమే చేయగలిగేది. మా వ్యాపారంలో అందరి జేబులోనూ ఒక చిన్న మడత అద్దం ఉంటుంది. గుడ్డ మీద పెట్టి అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కపెడతాం. పోగును ఎంత పెద్దగా చూపిస్తే అంత మంచి అద్దం. దుకాణంలో మేము అదే లెక్క వాడాం. ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో డబ్బాల మీద రాసి ఉంది. అన్నిటికంటే పెద్ద అంకె ఉన్న డబ్బా తెచ్చుకున్నాం. గల్లీలో ఎవరికి చూపించినా సరైన మాల్ పట్టారన్నారు.

అన్న ఒక్కడే ముట్టుకోలేదు. "శనిని సూటిగ చూడొద్దే, చెప్తున్న. చూసినవంటె మగ్గాలు ఆగుతయ్" అన్నాడు వదినతో. మా బిల్డింగ్ కింది అంతస్తులో ఉన్నవి ఆయన మగ్గాలే.

సన్నటి గొట్టం, దానికి కొంగ కాళ్లలాంటి మూడు కాళ్లు. చంద్రుడు బాగానే కనిపించాడు. శని దగ్గరికి వచ్చేసరికి, వేడినూనెలో పడ్డ ఆవగింజలా చిటపటలాడే ఒక పసుపు మరక తప్ప ఏమీ లేదు. వదిన చూసి, "గిదేనా? మా వంటింట్ల బల్బు గూడ నాకు గిట్లనే కనిపిస్తది" అంది. అన్న, "మంచిదైంది" అన్నాడు.

నేను పుస్తకం మళ్లీ మొదటి నుంచి పట్టుకున్నాను. మొదటిసారి బొమ్మలు చూశాను, ఈసారి మాటలు చదివాను. కొత్తగా ఆకాశం చూడాలనుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, అప్పుడు నాకు తెలిసివచ్చింది ఇక్కడ చెబుతాను. డబ్బా మీది అంకెను నమ్మకండి. కన్ను పెట్టే చోట ఉండే చిన్న అద్దాన్ని మారిస్తే ఏ టెలిస్కోపైనా ఎంతైనా పెద్దగా చూపిస్తుంది; మసకను కూడా పెద్దది చేస్తుంది. చూడాల్సింది దాని మూతి వెడల్పు. ఎంత వెలుతురు లోపలికి వస్తే బొమ్మ అంత తేటగా ఉంటుంది. తర్వాత చూడాల్సింది అది దేని మీద కూర్చుంటుందో. అసలు మొదట ఒక మామూలు బైనాక్యులర్ కొనుక్కుని ఆకాశం అలవాటు చేసుకుంటే ఇంకా మంచిది. మాకు మాత్రం అంత వ్యవధి లేదు.

ఇదంతా వంటింటి గడప మీద కూర్చుని వదినకు చెప్పాను. జన్మలో అంతసేపు మాట్లాడి ఉండను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది.

"అంటె, వాన పడ్డప్పుడు చెంబు పెడితె చెంబెడు, గంగాళం పెడితె గంగాళమెడు. గంతేనా?"

"గంతే."

"మరి గింతదానికి అంత లావు పుస్తకమెందుకు రాసిండ్రు?" అని ఒక కాయ తుంచి, "యాదుంచుకో మర్దీ. మూతి పెద్దగుండాలె, మాట గాదు. మాట పెద్దగ లేకపాయె గనక నువ్వు సగం మంచి దుర్బిన్‌వే" అంది.

ఆ మాట తర్వాత మా ఇంట్లో స్థిరపడిపోయింది. ఎక్కువ గొప్పలు చెప్పే దళారి ఎవరైనా వచ్చిపోతే, "డబ్బా మీద అంకె పెద్దగుంది" అనుకునేవాళ్లం.

రెండు రకాలు మిగిలాయి. ఒకటి ముందువైపు అద్దంతో పొడుగ్గా ఉండేది. తుపాకీ గురిపెట్టినట్టు వెనక నుంచి ఆకాశం వైపే చూడాలి. ఇంకొకటి అడుగున గిన్నెలాంటి అద్దం ఉండే లావు గొట్టం. అడుగు అద్దం మీద పడ్డ వెలుతురు పైకి వచ్చి, అక్కడి చిన్న అద్దానికి తగిలి పక్కకు తిరుగుతుంది. అదే ఖర్చుకు దీని మూతి బాగా వెడల్పు. నేను దీనివైపే మొగ్గాను, కానీ రెండోసారి కొనడానికి అన్న ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకునేలా లేడు. ఒక్క తప్పు చాలన్నాడు, శనితో పరాచికాలొద్దన్నాడు.

నేల మీద సుద్దతో బొమ్మ గీసి వదినకు చూపిస్తుంటే ఆమె నా చేయి ఆపింది.

"ఆగు. కన్ను ఏడ పెట్టాలె?"

"ఇగో, పక్కకు."

"శని ఎటుంటడు?"

"పైన. గొట్టం మూతికి ఎదురుంగ."

"మరి నేను ఎటు దిక్కు చూస్త?"

"గోడ దిక్కు. అద్దంల పడ్డది ఇంకో అద్దంల పడితె, దాన్ని చూస్తవ్."

ఆమె లేచి నిలబడి మెట్ల దగ్గరికి పోయి కిందికి కేక వేసింది. అన్న నూలు పొట్టు దులుపుకుంటూ పైకి వచ్చాడు. ఆమె సుద్దబొమ్మ పక్కన నిలబడి, తల వంచి, గుడిలో నూనె పోసినట్టు చేసి చూపించింది.

"ఎట్ల నిలబడ్డ?"

"పక్కకు" అన్నాడు అన్న.

"గుళ్లె ఎట్ల నిలబడ్త?"

"పక్కకే."

"మరి? ఇది సూటిగ చూసుడెట్లయితది? అద్దంల పడ్డోన్ని ఇంకో అద్దంల చూసుడు. గీ దుర్బిన్ చేసినోనికి మన పద్ధతి తెలుసు."

అన్న బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగాడు. గొట్టం మూతి దగ్గర నిలబడి చూశాడు, పక్కన నిలబడి చూశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. "తెచ్చుకోండ్రి. కాని మగ్గాలాగినయంటె నన్ను అనొద్దు" అని కిందికి పోయాడు. ఆ టెలిస్కోపు ఎందుకు మంచిదో పుస్తకంలో చాలా కారణాలున్నాయి. మా ఇంట్లో నెగ్గింది మాత్రం ఈ ఒక్కటే, అది ఏ పుస్తకంలోనూ లేదు.

ఆర్డర్ పెట్టాం. సామాను మా పక్కనే ఉన్న మాన్కోలి గోదాముకు చేరినట్టు ఫోన్ చూపించింది. వదిన గ్లాసులు కడిగి పెట్టి ఎదురుచూసింది. మర్నాడు అది థానే పోయింది, అక్కడి నుంచి ఎటో పోయి, తిరిగి భివండీ వచ్చింది. "పక్కింటి పోరడు అత్తగారింటికి పోయి, చుట్టాలందర్ని జూసి వస్తున్నడు" అంది. డబ్బా తెచ్చిన పిల్లవాడికి చాయ్ పోసి, ఇది ఎవరిని చూడ్డానికో కూడా చెప్పింది. అతను డబ్బాను కొంచెం దూరం జరిపి నిలబడి చాయ్ తాగాడు.

చెక్క పీట మీద కుదురుగా కూర్చునే గొట్టం అది. వదిన చేత్తో తడిమి, "రోట్ల రోకలి పెట్టినట్టుంది. కూసునే జాగ గట్టిగుంది" అంది. బతుకమ్మ పండుగ దాటింది, వానలు వెనకపట్టాయి. పొద్దు గూకాక డాబా మీద నీళ్ల ట్యాంకుల మధ్య పెట్టి శనిని పట్టాను. ఈసారి మరక కాదు. గుండ్రంగా ఏదో ఉంది, దాని చుట్టూ ఇంకేదో ఉంది. కానీ కుదురుగా నిలవడం లేదు. వదిన కన్ను పెట్టింది.

"వీడేంది మర్దీ, మగ్గంల నాడె లెక్క అటు ఇటు ఉరుకుతున్నడు?"

మరలు బిగించాను. పీట కింద అట్ట మడిచి పెట్టాను. చేయి తగలకుండా చేతులు వెనక్కి కట్టుకొమ్మన్నాను. ఎన్ని చేసినా, పోగు మోసుకుని మగ్గంలో తిరిగే ఆ నాడె ఉరుకుతూనే ఉంది. ఆమె కంట నీళ్లు కారాయి. చెంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది, మళ్లీ తుడుచుకుంది. వాపసు చేయడానికి ఇంకా గడువుంది. ఇంకా మంచిది చూద్దామన్నాను.

"దీన్ని వాపసిస్తవ్. మళ్ల ఇంకొకటెప్పుడొస్తది?" అని, కుడికన్ను చూపించింది. "దీనికి వాపసు లేదు గద. రేపు ఇంకోసారి చూద్దాం పా."

మర్నాడు మళ్లీ ఎక్కాం. ఆకాశం అంతే, శని అంతే, ఉరుకుడు అంతే. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, ఊపిరి బిగపట్టి చూస్తోంది. అప్పుడు కరెంటు పోయింది.

భివండీలో కరెంటు పోతే ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ముందు దీపాలు పోతాయి. తర్వాత మగ్గాలు ఒక్కొక్కటే తడబడి ఆగుతాయి. ఆపైన వచ్చే నిశ్శబ్దం చెవిలో నీళ్లు పోయినట్టుంటుంది. ఆ నిశ్శబ్దంలో కింద నుంచి అన్న గొంతు వినిపించింది.

"నేను చెప్పలే? చెప్పలే నేను? ఆగినయ్!"

వదిన కన్ను తీయలేదు. అక్కడి నుంచే అరిచింది.

"ఆగిండు!"

"ఎవలే?"

"శని! శని గూడ ఆగిండు!"

నేను పిట్టగోడ మీద చేయి పెట్టి చూశాను. గోడ రాయిలా ఉంది. రోజూ దాని మీదే చేయి పెట్టి నిలబడతాను, అది ఎప్పుడూ అలా లేదు. ఇంటి కింద మగ్గాలు, పక్కింటి కింద మగ్గాలు, గల్లీ పొడుగునా మగ్గాలు. వాటితో మా గోడలు ఇన్నేళ్లూ వణుకుతూనే ఉన్నాయి. ఊరి నుంచి కొత్తగా వచ్చిన చుట్టాలు, మంచం ఊగుతోందేందని అడిగితే నవ్వేవాళ్లం. మాకు తెలియడం ఏనాడో మానేసింది. తప్పు మొదటి టెలిస్కోపుదని ఒకదాన్ని మార్చాం, రెండోదాన్నీ మార్చబోయాం. నేల గురించి మాకు ఎవరికీ తట్టలేదు.

"ఎట్లున్నడు వదినె?" అని అడిగాను.

ఆమె మాట కోసం నేను ఎదురుచూడటం అదే మొదటిసారి.

"మొలతాడు కట్టిన చంటిపిలగాని లెక్కున్నడు" అంది. "బొద్దుగ. ఒక్కడే కూసున్నడు పాపం. గీ పిలగానికా ఇన్నేండ్లు నూనె పోసిన?"

అన్న బ్యాటరీ లైటు పట్టుకుని పైకి వచ్చాడు. లైటు ఆపమని వదిన కసిరింది. చెప్పులు విడిచి, గుడిలోలాగే పక్కకు నిలబడి, తల వంచి ఆయన కూడా కన్ను పెట్టాడు. చాలాసేపు చూశాడు. పైకి లేచి, "శానా దూరంల ఉన్నడు గద" అన్నాడు. "గంత దూరం నుంచి మన మోటారెట్ల కాలుస్తడే?"

"నేను గదే అడుగుతున్న" అంది వదిన.

తర్వాత మేము తిథులు చూడటం మానేసి, మగ్గాలకు సెలవు ఉన్న సాయంత్రాలు చూసుకున్నాం. చంద్రుడి గుంటలు చూసింది, గురుడి పక్కన చుక్కలు చూసింది. బిల్డింగ్‌లో వాళ్లందరినీ పిలిచి వరుసలో నిలబెట్టేది. నల్లా దగ్గర ఎంత కచ్చితమో అక్కడా అంతే. ఎక్కువసేపు కన్ను పెట్టినవాళ్ల వీపు మీద తట్టేది. శనివారం నూనె మానలేదు, కానీ గుడి నుంచి వస్తూ, "పిలగాడు మంచిగున్నడు" అని చెప్పేది. మెల్లగా ఆ నడిమి చూపు కూడా మూసుకుపోయింది. చివరి రెండు చలికాలాలు ఆమె డాబా మీద కుర్చీలో కూర్చుంటే, నేను చూసి చెప్పేవాణ్ణి. నా మాటలు ఆమెకు చాలేవి కావు. "ఇంకా?" అనేది. "ఇంకేముంది?" అనేది. నేను మాట్లాడటం నేర్చుకున్నది అలాగే.

కానీ నాకు ఆమె తలపుకొస్తే ఆ కుర్చీ రాదు. కరెంటు పోయిన ఆ సాయంత్రమే వస్తుంది.

అన్న చూశాక ఆమె మళ్లీ ఒకసారి వంగింది. చాలాసేపు ఉంది. గల్లీ చివర ఎక్కడో దీపం వెలిగింది, ఒక మగ్గం కదిలింది, దాని వెనక ఇంకొకటి. పిట్టగోడ నా చేతి కింద సన్నగా వణకడం మొదలైంది. ఆమె గభాలున తల ఎత్తింది.

"అయ్యో, ఇగ ఊగుతడు" అన్నాను.

"ఊగనీ. నేను చూస్తలేను" అంది. చూస్తే కుడికన్ను గట్టిగా మూసుకుని ఉంది. "నిలబడ్డోన్ని లోపల పెట్టుకున్న. కన్ను తెరిస్తె పోతడు. కిందికి తీస్కపో నన్ను."

ఎడమ కన్ను ఎలాగూ లేదు. ఉన్న ఒక్క కన్నూ మూసుకుని నా భుజం మీద చేయి వేసింది. కింద మగ్గాలన్నీ అందుకున్నాయి, మెట్లు కాళ్ల కింద అదురుతున్నాయి. ఒక్కో మెట్టూ చెబుతూ నేను ముందు దిగాను. ఆమె వెనక, రెప్ప వదలకుండా, చంకలో పిల్లవాణ్ణి ఎత్తుకున్నదానిలా మెల్లగా అడుగు వేస్తూ, తనలో తాను నవ్వుకుంటూ దిగింది.